మూసుకోని తలుపు

ముంబై లోకల్ బోగీలకు తలుపులు ఉండవని బయటి ఊళ్లవాళ్లు అనుకుంటారు. ఉంటాయి. గోడ పక్కకు జరిగి ఉండే ఆ ఇనప తలుపును చేత్తో లాగాలి. వానాకాలంలో జల్లు లోపలికి కొడుతుంటే గుమ్మం దగ్గరున్నవాళ్లు దాన్ని సగందాకా లాగుతారు. తర్వాతి స్టేషన్ రాగానే దిగేవాళ్లు మళ్లీ తోసేస్తారు. అంతకు మించి ఆ తలుపుకు పని లేదు. తరాల తరబడి జనం దాని పక్కన నిలబడి, గుమ్మం మధ్యలో ఉండే కమ్మీ పట్టుకొని, సగం ఒళ్లు బయటపెట్టి ఉద్యోగాలకు వెళ్లారు, ఇళ్లకు వచ్చారు. కొందరు రాలేదు. ఆ తలుపు ఎందుకు మూసుకోలేదు, మూయాల్సిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న గట్టిగా వినిపించడానికి చాలా కాలం పట్టింది.

1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీ బందర్ నుంచి ఠాణేకు 14 పెట్టెలతో, నాలుగు వందల మంది అతిథులతో బయలుదేరిన బండి దేశంలో మొదటి ప్రయాణికుల రైలు. దూరం 34 కిలోమీటర్లు. 1867లో పడమటి తీరం వెంట విరార్ నుంచి నగరానికి మరో బండి మొదలైంది. అసలు మలుపు 1925 ఫిబ్రవరి 3. ఆ రోజు విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు కరెంటు రైలు నడిచింది. ఆవిరి ఇంజను వేగం అందుకోవడానికి తంటాలు పడుతుంది. కరెంటు బండి అలా కాదు. కదిలిందంటే క్షణాల్లో వేగం, ఆపితే వెంటనే ఆగడం. స్టేషన్లు ఎంత దగ్గరగా ఉన్నా, బండి వెనక బండి ఎంత తొందరగా వచ్చినా ఇబ్బంది లేదు. సన్నగా, పొడుగ్గా సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఊరికి అది వరమైంది. పనులు దక్షిణం కొసన, ఇళ్లు ఉత్తరాన. పొద్దున జనమంతా ఒకే దిక్కుకు, సాయంత్రం అంతా ఎదురు దిక్కుకు.

ఈ జనంలో తెలుగువాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. బొంబాయి కట్టడాల్లో మట్టి మోసి, రాళ్లు పేర్చిన తెలంగాణ కూలీలను కామాటీలు అన్నారు. కామాటిపుర పేరు వాళ్లది. ఆ తర్వాత తెలంగాణ పద్మశాలీలు పరేల్, వర్లీ మిల్లుల్లో మగ్గాల ముందు నిలబడ్డారు. మిల్లు చాళ్లలో, అంటే కూలీల వరస గదుల ఇళ్లలో, అద్దెలు మోయలేని వాళ్ల పిల్లలు, మనవలు కల్యాణ్, భివండీ దిక్కుకు జరిగారు. నగరం పెరిగిన కొద్దీ పేదవాడి ఇల్లు రైలు పట్టా వెంబడే దూరం జరుగుతూ పోయింది.

తొమ్మిది పెట్టెల లోకల్‌లో కూర్చునేవాళ్లు, నిలబడేవాళ్లు కలిసి సుమారు 1,700 మంది పట్టాలి. రద్దీ వేళల్లో 4,500 మందికి పైగా ఎక్కేవాళ్లు. నిలబడే చోటులో ఒక్కో చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది. దీనికి రైల్వే ఫైళ్లలో ‘సూపర్ డెన్స్ క్రష్ లోడ్’ అని ఒక పేరు కూడా పెట్టారు. మామూలు ‘క్రష్ లోడ్’ అన్న మాట చాలక దానికి ముందు రెండు విశేషణాలు తగిలించారన్నమాట. పేరు పెట్టాక ఏ విపరీతమైనా లెక్కలో ఒక వరుసగా మారిపోతుంది. అక్కడ జరిగింది అదే.

అంత మంది ఉన్న పెట్టెలో తలుపు మూస్తే గాలి ఆడదు. మూయకపోవడానికి అది మొదటి కారణం. రెండోది సమయం. స్టేషన్‌లో బండి ఆగేది ఇరవై, ముప్పై సెకన్లు. మూడు నాలుగు నిమిషాలకు వెనక ఇంకో బండి. ఒక్క తలుపులో ఒక్క సంచి ఇరుక్కుని మూసుకోకపోతే ఆ బండి కదలదు, దాని వెనక బండ్లన్నీ వరసగా నిలిచిపోతాయి. రోజుకు మూడు వేలకు పైగా నడిచే లోకళ్లు సమయానికి నడవాలంటే తలుపులు తెరిచే ఉండాలి. ఇంజినీర్ల లెక్క ఇది, తప్పుడు లెక్కేమీ కాదు. కాకపోతే గుమ్మంలో నిలబడ్డ మనిషి ప్రాణం ఈ లెక్కలో ఎక్కడా రాలేదు.

ఇనప తలుపు చేయాల్సిన పనిని మనుషులు చేశారు. లోకల్‌లో ఎవరూ రాయని నియమాలు కొన్ని పుట్టాయి. రాబోయే స్టేషన్ ప్లాట్‌ఫారం ఏ పక్కకు వస్తుందో పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పాలి. దిగాల్సినవాడు రెండు స్టేషన్ల ముందే గుమ్మం దిక్కుకు జరగడం మొదలుపెట్టాలి. ముగ్గురి బల్ల మీద నాలుగో మనిషికి అంచున చోటు ఇవ్వాలి. దాన్నే అక్కడ ‘చౌథీ సీట్’ అంటారు. బండి కదిలిపోతుంటే పరుగెత్తుకొచ్చేవాడికి గుమ్మంలోంచి చేయి అందించాలి. ఆ చేయి కులం అడగదు, భాష అడగదు. ఒకే బండిలో ఏళ్ల తరబడి ఎక్కేవాళ్లు స్నేహితులవుతారు. పేకాడతారు, భజనలు పాడతారు. మహిళల పెట్టెల్లో కూరగాయలు తరుక్కుంటారు. దసరా ముందు ఆ స్నేహబృందాలే బోగీకి బంతిపూల దండలు, మామిడి తోరణాలు కట్టి పూజ చేసి, మోటర్‌మన్‌కు మిఠాయి పెడతాయి. తెలుగు నేల మీద ఆయుధపూజ నాడు లారీకి, రిక్షాకు కట్టినట్టే. 1992లో పశ్చిమ మార్గంలో మహిళలకే ఒక ప్రత్యేక బండి మొదలైంది.

అయితే ఈ సంఘం ఎప్పుడూ మంచిదే అనుకుంటే పొరపాటు. గుమ్మాన్ని సొంతం చేసుకున్న ముఠాలు ఉన్నాయి. విరార్ దాకా పోయే బండిలో బొరివలీకి టికెట్టు ఉన్నవాడు ఎక్కితే, ‘నీ బండి వేరే ఉంది’ అంటూ దిగనీయకుండా అడ్డం నిలబడేవాళ్లున్నారు. పట్టాల పక్కన కర్రలు పట్టుకొని నిలబడి, గుమ్మంలో ఫోను చూసుకుంటున్నవాడి చేతి మీద కొట్టి, జారిపడ్డ ఫోను ఏరుకుపోయే దొంగలకు ‘ఫట్కా గ్యాంగ్’ అని పేరు. ఆ దెబ్బకు ఫోను ఒక్కటే పడదు, ఒక్కోసారి మనిషీ పడతాడు. 2002 ఆగస్టులో ఒక రాత్రి నడుస్తున్న లోకల్‌లో ఒక బాలికపై అత్యాచారం జరిగింది. అదే పెట్టెలో తోటి ప్రయాణికులు ఉన్నారు. ఎవరూ అడ్డుపడలేదు. పొద్దున రద్దీలో చేయి అందించే ఊరే ఆ రాత్రి చేతులు కట్టుకుని కూర్చుంది. తోటివాళ్ల మంచితనాన్ని నమ్ముకుని భద్రతను కట్టలేమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చనిపోయినవాళ్ల లెక్క వినడానికి గుండె నిబ్బరం కావాలి. 2023లో ముంబై లోకల్ మార్గాల మీద 2,590 మంది చనిపోయారు. అంటే రోజుకు ఏడుగురు. ఇరవై ఏళ్లలో 51,000 మందికి పైగా. ఒక విమానం కూలితే దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది. ఇక్కడ ప్రతి నెలా ఒక పెద్ద విమానంలో పట్టేంత మంది పోతున్నారు. కానీ ఒక్కొక్కరుగా, వేరువేరు స్టేషన్ల దగ్గర, వేరువేరు వేళల్లో పోతున్నారు కనుక వార్త చివరి పేజీ దాటి రాదు.

అందులో సుమారు సగం మంది పట్టాలు దాటుతూ చనిపోయినవాళ్లు. చట్టం ప్రకారం అది నేరం. 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద జరిమానా, జైలు ఉన్నాయి. అయినా దాటుతారు. ఎందుకంటే పాదచారుల వంతెన ప్లాట్‌ఫారం ఆ కొసన ఉంటుంది. బస్తీ ఈ కొసన ఉంటుంది. పట్టాల అవతల నీళ్ల కుళాయి, బడి, పని. బోర్డులు పెట్టి, మైకుల్లో హెచ్చరించి, జరిమానాలు వేసి విసిగిపోయాక, 2010 ప్రాంతంలో వడాలా స్టేషన్ దగ్గర మనిషి మెదడు పనిచేసే తీరును గమనించి ఒక ప్రయోగం చేశారు. చాలా పెద్ద వస్తువు కదిలి వస్తుంటే దాని వేగాన్ని కన్ను తక్కువగా అంచనా వేస్తుంది. రైలు నిజంగా వచ్చే వేగం వేరు, దాటేవాడికి తోచే వేగం వేరు. అందుకని పట్టాల కింది స్లీపర్లకు వరసలు వరసలుగా పసుపు రంగు పూశారు. ఆ పసుపు పట్టీలు బండి కింద ఒక్కొక్కటే మాయమవుతుంటే వేగం కంటికి తెలుస్తుంది. ఒకే పొడుగాటి కూతకు బదులు రెండు పొట్టి కూతలు వేయించారు. మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి మనిషి ఉలిక్కిపడి తలెత్తుతాడు. బండి మీదికి వస్తున్నప్పుడు ఒక మనిషి ముఖంలో భయం ఎలా పెరుగుతుందో మూడు ఫొటోల్లో చూపించారు. మరణాలు బాగా తగ్గాయి. దాటేవాడిని మూర్ఖుడని తిట్టడం మానేసి అతని కన్ను ఎక్కడ మోసపోతుందో వెతికారు. ముంబై రైలు చరిత్రలో ఇంత చవకగా ప్రాణాలు కాపాడిన పని చాలా అరుదు.

తోటివాళ్ల మంచితనం విపత్తుల్లోనూ కనిపించింది. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. లోకళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జనం మోకాటి లోతు, నడుం లోతు నీళ్లలో పట్టాల వెంబడి నడిచారు. పట్టాల పక్క గుడిసెలవాళ్లు, ఇళ్లలోకి నీళ్లు వచ్చినవాళ్లు కూడా, వాళ్లకు టీలు, బిస్కట్లు ఇచ్చారు. ఏడాది తిరక్కుండా 2006 జూలై 11న సాయంత్రం పశ్చిమ మార్గంలో పదకొండు నిమిషాల్లో ఏడు బాంబులు పేలాయి. అన్నీ మొదటి తరగతి పెట్టెల్లోనే. 180 మందికి పైగా చనిపోయారు. అంబులెన్సులు చేరేలోపే మాహిమ్, మాటుంగా, జోగేశ్వరి బస్తీల నుంచి జనం పరుగెత్తుకొచ్చి దుప్పట్లలో క్షతగాత్రులను మోశారు. మర్నాడు పొద్దున లోకళ్లు నడిచాయి, అవే గుమ్మాల్లో జనం మళ్లీ నిలబడ్డారు.

పత్రికలు దీన్ని ‘ముంబై స్పిరిట్’ అని పొగిడాయి. ఆ దుప్పట్లు మోసినవాళ్లకు ఎంత దండం పెట్టినా తక్కువే. అయితే ఆ పొగడ్త అధికారంలో ఉన్నవాళ్లకు చాలా సౌకర్యంగా మారింది. ప్రతి ప్రమాదం తర్వాత ‘నగరం మళ్లీ నిలబడింది’ అన్న వాక్యం వచ్చేది. ఆ నిలబడటంలో ఎంత భాగం ధైర్యం, ఎంత భాగం గత్యంతరం లేకపోవడం అన్న ప్రశ్న వెనక్కు పోయేది. రోజు కూలీ వచ్చేవాడికి, ఆలస్యమైతే జీతం కోత పడేవాడికి మర్నాడు బండి ఎక్కడం మినహా దారి లేదు.

2017 సెప్టెంబర్ 29న ఆ గత్యంతరం లేనితనం బయటపడింది. మిల్లులు మూతపడిన పరేల్‌లో అద్దాల ఆఫీసులు లేచాయి. మిల్లు కార్మికుడు నడిచి పనికి వచ్చేవాడు. కొత్త ఉద్యోగులంతా రైలు దిగి వస్తారు. పశ్చిమ మార్గంలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్, మధ్య మార్గంలో పరేల్, ఈ రెండు స్టేషన్లను కలిపే పాత ఇరుకు వంతెన మాత్రం మిల్లుల కాలం నాటి జనానికి సరిపోయేదే. వెడల్పాటి కొత్త వంతెన కాగితం మీద అప్పటికే మంజూరైంది. కట్టలేదు. ఆ ఉదయం ఉన్నట్టుండి వాన కురిసింది. తడవకుండా జనం మెట్ల మీదే ఆగిపోయారు. కింద బండ్లు వచ్చి ఆగి ఇంకా జనాన్ని వదిలాయి. ఇసుక వేస్తే రాలని ఆ మెట్ల మీద ఒక్కసారిగా తోపులాట. 23 మంది నలిగి చనిపోయారు. పూలమ్మే ఒకరి గంప జారితే ‘ఫూల్ గిర్ గయా’, పూలు పడ్డాయి అన్న మాట వినబడిందని, అది జనం చెవిన ‘పుల్ గిర్ గయా’, అంటే వంతెన కూలిందన్నట్టుగా పడిందని బతికినవాళ్లలో ఒకరు చెప్పారు. అది నిజమో కాదో గానీ, వంతెన కూలిందంటే ఎవరూ ఆశ్చర్యపోకుండా నమ్మేసే స్థితిలో ఆ వంతెన ఉంది. ఆ తర్వాత సైన్యాన్ని పిలిపించి అక్కడ కొత్త వంతెన కట్టించారు. 2018 ఫిబ్రవరిలో, అయిదు నెలల లోపే, అది తెరుచుకుంది. అంత వేగంగా కట్టగలిగిన వంతెన ముందే ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

లోకల్ చరిత్రలో గుమ్మంలోంచి చేయి అందించినవాళ్లు ఒక రకమైతే, కోర్టు మెట్లు ఎక్కినవాళ్లు ఇంకో రకం. 2014లో ఘాట్కోపర్‌లో ఒక కాలేజీ అమ్మాయి రైలు ఎక్కుతూ ప్లాట్‌ఫారానికి, బోగీకి మధ్య సందులో పడి రెండు చేతులూ పోగొట్టుకుంది. ప్లాట్‌ఫారం కిందికి, బోగీ గడప పైకి ఉండటమే ఆ సందుకు కారణం. బాంబే హైకోర్టు జోక్యం చేసుకున్నాక ప్లాట్‌ఫారాలను ఎత్తు చేసే పని ఊపందుకుంది. పౌరులు వేసిన వ్యాజ్యాల వల్ల స్టేషన్లకు అంబులెన్సులు వచ్చాయి. 2018లో సుప్రీంకోర్టు రీనా దేవి కేసులో ఇచ్చిన తీర్పు ఇంకా లోతైనది. రైలు ఎక్కుతూనో దిగుతూనో పడిపోయిన మనిషిని ‘నీ నిర్లక్ష్యం వల్లే పడ్డావు’ అని తోసిపుచ్చడానికి వీల్లేదని, శవం జేబులో టికెట్టు దొరకనంత మాత్రాన అతను ప్రయాణికుడు కాకుండా పోడని అది తేల్చింది. చనిపోతే పరిహారం 2017 నుంచి ఎనిమిది లక్షలు. పట్టాల మీద చెల్లాచెదురైన ఒంట్లో టికెట్టు వెతికే స్థితి నుంచి కొన్ని కుటుంబాలకైనా ఈ తీర్పు విముక్తి ఇచ్చింది.

2024లో మరో వ్యాజ్యం విచారిస్తూ, ప్రయాణికులను పశువుల్లా తీసుకెళ్తున్న తీరు చూసి సిగ్గుపడాల్సి వస్తోందని హైకోర్టు అంది.

మూసుకునే తలుపు 2017 డిసెంబర్ 25న వచ్చింది. చెన్నైలో తయారైన తొలి ఏసీ లోకల్ బొరివలీ, చర్చ్‌గేట్ మధ్య నడిచింది. తలుపులు మూసుకోకపోతే అది కదలదు. గుమ్మంలో వేలాడటం అసాధ్యం. కానీ మామూలు లోకల్‌లో రెండో తరగతి కనీస టికెట్టు అయిదు రూపాయలైతే, ఏసీ బండిలో అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి క్షేమం కావాలంటే ఎక్కువ డబ్బు పెట్టాలన్న మాట వచ్చింది. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు పాత గుమ్మాల్లోనే మిగిలారు.

2025 జూన్ 9, సోమవారం ఉదయం. దివా, ముంబ్రా మధ్య వంపులో రెండు లోకళ్లు ఎదురెదురుగా పక్కపక్కనే దాటాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్లు, వాళ్ల వీపు మీది సంచులు ఒకరికొకరు తగిలి కింద పడ్డారు. నలుగురు ఆ రోజే చనిపోయారు. కొత్తగా చేసే బండ్లన్నిటికీ, ఏసీ లేనివాటికి కూడా, వాటంతట అవే మూసుకునే తలుపులు పెడతామని రైల్వే అప్పుడు ప్రకటించింది. గాలి ఆడదన్న పాత అభ్యంతరానికి జవాబు కూడా చెప్పింది. తలుపులకే గాలి చొరబడే రెక్కలు, పైకప్పు నుంచి గాలి తోసే యంత్రాలు, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచిపోయే దారి. ఇవేవీ 2025లో కనిపెట్టినవి కావు. పైకప్పు నుంచి గాలి తోసే ఏర్పాటు 2007లో వచ్చిన కొత్త లోకళ్లలోనే ఉంది. దారి తెలియక కాదు, తలుపు గురించి అడిగేవాళ్లు లేక ఆలస్యమైంది.

ముంబ్రా ప్రమాదానికి పట్టాల నిర్వహణ లోపం కారణమంటూ రైల్వే పోలీసులు నవంబరులో ఇద్దరు ఇంజినీర్ల మీద కేసు పెట్టారు. దానికి నిరసనగా ఉద్యోగులు మెరుపు సమ్మె చేశారు. సాయంత్రం రద్దీలో బండ్లు ఆగిపోయాయి. విసిగిన ప్రయాణికులు కొందరు సాండ్‌హర్స్ట్ రోడ్ దగ్గర దిగి పట్టాల మీద నడుస్తుంటే ఇంకో లోకల్ ఢీకొట్టింది. ఇద్దరు చనిపోయారు. బాధ్యత ఎవరిదని ఒకరినొకరు వేలెత్తి చూపుకునే గొడవలో కూడా పోయింది పట్టాల మీద నడిచే మనిషి ప్రాణమే.

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. ముంబై లోకల్ నమూనాలోదే ఆ బండి. రద్దీ అంత లేదు, దూరాలు తక్కువ, మరణాల లెక్కలు ముంబై దరిదాపుల్లో లేవు. అందుకే ఇక్కడ తలుపుల మాట పెద్దగా వినిపించలేదు. 1925లో బొంబాయిలోనూ రద్దీ అంత లేదు. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా పొద్దున ఎనిమిదింటికి ఎంఎంటీఎస్ ఎక్కే పాఠకులు ఒకసారి గుమ్మం పక్క గోడను గమనించాలి. తలుపు అక్కడే ఉంటుంది, వెనక్కు జరిపి, తెరిచి. కొత్త బండ్లు కొనేటప్పుడు అది మూసుకునే తలుపై ఉండాలని దక్షిణ మధ్య రైల్వేను ఇప్పుడే అడగాలి.